అల్పవినియోగ వృక్షఫలాలు: పోషక, ఔషధ విలువలు - మంజీర పరీవాహక గ్రామాల నేపథ్యం

ఉపోద్ఘాతం

తెలుగు నేలమీద ఊరికి పేరు పెట్టిన చెట్లు ఎక్కువ. ఉమ్మడి మెదక్ జిల్లా, దాని పొరుగు ప్రాంతాల పటాన్ని పరిశీలిస్తే ఉసిరికపల్లి, తునికి, ఈదులనాగులపల్లి కనిపిస్తాయి. జంటనగరాల వైపు వస్తే మారేడుపల్లి, నేరేడుమెట్ ఎదురవుతాయి. పేరులో చెట్టు నిలిచింది. ఊరిలో ఆ చెట్టు, ఇంటిలో ఆ పండు నిలిచాయా అన్నది వేరే ప్రశ్న. సంగారెడ్డి మండలంలోని ఇస్మాయిల్‌ఖాన్‌పేట, దాని చుట్టుపక్కల గ్రామాలు ఈ ప్రశ్నను పరిశీలించటానికి తగిన ప్రదేశాలు. ఒక వైపు మంజీర నది, మరొక వైపు పటాన్‌చెరు పారిశ్రామిక వాడ, వాటి నడుమ జొన్న, పత్తి, వరి పొలాల గట్లమీద మిగిలిన చింత, నేరేడు, రేగు, సీతాఫలం చెట్లు అక్కడి భూదృశ్యం.

సాగుచేయక, మార్కెట్‌కు క్రమంగా చేరక, ఇంటి వాడుకలోనూ తగ్గిపోయిన ఇటువంటి చెట్ల పండ్లను ఈ వ్యాసంలో 'అల్పవినియోగ వృక్షఫలాలు' అని వ్యవహరించడమైనది. వీటి పోషక విలువ గురించి తెలుగులో వచ్చే రచనలు రెండు తీరులుగా ఉన్నాయి. ప్రతి పండునూ సర్వరోగ నివారిణిగా కీర్తించేవి కొన్ని. పల్లె జ్ఞాపకంగా తలచుకుని వదిలేసేవి మరికొన్ని. కొలతలలో ఏమి తేలింది, వైద్య పరీక్షలలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని విడదీసి చూసే ప్రయత్నం తక్కువ. ఆ విడదీత ఇక్కడ ప్రధానం.

కొలతలకు ఆధారం హైదరాబాదులోనే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్‌ల కూర్పుతో భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికను వెలువరించింది. 2017లో 528 ఆహార పదార్థాలతో కొత్త పట్టిక వచ్చింది. ఈ వ్యాసంలోని విలువలు, వేరుగా చెప్పినచోట తప్ప, పాత పట్టికలోనివి. అన్నీ తినదగిన భాగం 100 గ్రాములకు లెక్క.

ఉసిరి, జొన్నరొట్టె, రక్తహీనత

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి, ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు అనేకం. ఇనుము లోపం వాటిలో ముఖ్యమైనది. అయితే ఇనుము లోపమంటే పళ్లెంలో ఇనుము లేకపోవడం మాత్రమే కాదు. జొన్న, సజ్జ, పప్పుధాన్యాలలో ఇనుము ఉంటుంది. వాటిలోనే ఉన్న ఫైటిక్ ఆమ్లం ఆ ఇనుమును పట్టి ఉంచి, పేగులలో శోషణ కాకుండా అడ్డుకుంటుంది. అదే భోజనంలో విటమిన్ సి ఉంటే ఇనుము శోషణకు అనువైన రూపంలోకి మారుతుంది, ఫైటిక్ ఆమ్లం పట్టు సడలుతుంది. ఇక్కడ 'అదే భోజనంలో' అన్న మాట ముఖ్యం. ఉదయం తిన్న పండు రాత్రి తిన్న రొట్టెలోని ఇనుముకు పెద్దగా సాయపడదు.

ఈ దృష్టితో చూసినప్పుడు ఉసిరి స్థానం ప్రత్యేకమైనది. పాత పట్టికలో ఉసిరిలో విటమిన్ సి 600 మిల్లీగ్రాములుగా నమోదయింది. 2017 పట్టికలో ఆ సంఖ్య సగానికన్నా తక్కువకు దిగింది. ఉసిరి చెడిపోలేదు, కొలిచే పద్ధతి మారింది. పాతకాలపు టైట్రేషన్ పద్ధతిలో విటమిన్ సితో పాటు దానిలా ప్రవర్తించే ఇతర పదార్థాలు కూడా లెక్కలో చేరే వీలుంది. కొత్త పట్టికకు విటమిన్‌ను విడిగా వేరుచేసి కొలిచే క్రొమటోగ్రఫీ పద్ధతిని వాడారు. ఇప్పటికీ అనేక పత్రికా వ్యాసాలలో పాత సంఖ్యే తిరుగుతూ ఉండటం గమనార్హం. తగ్గిన లెక్కతో చూసినా ఉసిరి విలువ తగ్గదు. 2020 నాటి భారతీయ వైద్య పరిశోధన మండలి సిఫారసు ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి అవసరం. ఒక మోస్తరు ఉసిరికాయ ఆ అవసరాన్ని చాలావరకు తీర్చగలదు.

ఒక సందేహం సహజంగా కలుగుతుంది. ఉసిరి వగరుకు కారణమైన టానిన్లు కూడా ఇనుమును పట్టి ఉంచేవే కదా? మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ధాన్యాలు, పప్పులకు ఉసిరిని జోడించి, జీర్ణక్రియను ప్రయోగశాలలో అనుకరించి చూశారు. శోషణకు అందుబాటులోకి వచ్చే ఇనుము పెరిగింది. ఇది గాజుగొట్టంలో జరిగిన పరీక్ష. మనుషులలో అదే మేరకు జరుగుతుందని దీనినిబట్టి చెప్పలేము. మనుషులమీద జరిగిన పరీక్ష జామకు సంబంధించినది. 2013లో ప్రచురితమైన జాతీయ పోషకాహార సంస్థ అధ్యయనంలో అన్నంతో కూడిన భోజనానికి జామపండు చేర్చినప్పుడు కౌమార వయస్కులలో ఇనుము శోషణ గణనీయంగా పెరిగింది. జామకు వర్తించిన సూత్రం విటమిన్ సి అంతకు తగ్గని ఉసిరికీ, కొంతవరకు రేగుకూ వర్తిస్తుందని భావించడానికి ఆస్కారముంది.

తెలంగాణలో 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం పెడతారు. అన్నం, పప్పు, కూరగాయలు, గుడ్డు, పాలు అందులో ప్రధానం. కార్తీకం నుంచి మాఘం దాకా ఉసిరి దొరికే కాలంలో అదే పళ్లెంలో ఒక చెంచా పచ్చి ఉసిరి తొక్కు చేరిస్తే ఖర్చు పెద్దగా పెరగదు. ఎండబెట్టి, ఉడకబెట్టి, చక్కెర పాకంలో నానబెట్టిన ఉసిరికన్నా పచ్చి తొక్కులోనే విటమిన్ ఎక్కువ మిగులుతుంది. కార్తీక వనభోజనాల పేరున ఏడాదికి ఒకసారి ఉసిరిచెట్టు నీడకు వెళ్లే ఆచారం మనకు ఉంది. ఆ నీడలో వడ్డించే విస్తరిలో ఉసిరి తప్పనిసరిగా ఉంటున్నదని చెప్పలేము.

చింతపండు సంగతి ఇక్కడే ప్రస్తావించవలసి ఉంది. అది అల్పవినియోగ ఫలం కాదు. పులుసులో కరిగి, పండన్న సంగతే మరుగునపడిన పండు అది. ఫ్లోరైడ్ సమస్య తీవ్రంగా ఉన్న తెలంగాణకు దానితో మరొక సంబంధముంది. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూడగా మూత్రం ద్వారా బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగిందని 2002లో ప్రకటించారు. దీని అర్థం చింతపండు ఫ్లోరోసిస్‌ను నయం చేస్తుందని కాదు. వంకర తిరిగిన ఎముకను ఏ పులుసూ సరిచేయదు. శుభ్రమైన నీటికి ప్రత్యామ్నాయం లేదు.

నానుడిలో మిగిలిన పండ్లు

వెలగ, మేడి పండ్లు తెలుగువారి వంటింటిలో కన్నా భాషలో ఎక్కువ కనిపిస్తాయి. రెండింటికీ భాషలో దక్కింది అపకీర్తే కావడం విశేషం. సుమతీ శతకం ద్వారా ప్రసిద్ధమైన 'కరి మింగిన వెలగపండు' పైకి నిండుగా, లోపల శూన్యంగా ఉండే స్థితికి ఉపమానం. ఏనుగు మింగిన పండు పెంకు చెదరకుండా, గుజ్జు మాత్రం మాయమై బయటికి వస్తుందన్నది లోకప్రసిద్ధమైన అర్థం. సంస్కృతంలోని 'గజభుక్త కపిత్థ' న్యాయంలో గజమంటే ఏనుగు కాదని, పండులో చేరే ఒక క్రిమి అని చెప్పినవారు కూడా ఉన్నారు. రెండవ అర్థమే ప్రకృతికి దగ్గరగా ఉందనిపిస్తుంది.

ఖాళీకి ఉపమానమైన ఈ పండు నిజానికి చాలా బరువైన ఆహారం. వెలగ గుజ్జులో 134 కిలోకాలరీల శక్తి, 130 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నాయి. మామిడిపండులో కాల్షియం 14 మిల్లీగ్రాములే. గింజలతో కలిపి తినే పండు కనుక మాంసకృత్తులు, కొవ్వు కూడా ఇతర పండ్లకన్నా ఎక్కువ. పచ్చిమిర్చి, బెల్లం చేర్చి నూరిన వెలగపండు పచ్చడి కోస్తాలో ఇంకా కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. సంగారెడ్డి ప్రాంతంలో వెలక్కాయ ఇప్పుడు ప్రధానంగా వినాయక చవితి నాటి పూజాద్రవ్యం. వేలాడగట్టిన మరునాడు దాని పని అయిపోతుంది.

వేమన పద్యం వలన మేడిపండు లోపలి పురుగులు తెలుగు లోకమంతటికీ తెలుసు. ఆ పురుగులు లేనిదే మేడిపండు లేదన్న సంగతి అంతగా తెలియదు. మేడిపూలు కాయ లోపలే పూస్తాయి. ఒక జాతి సూక్ష్మ కందిరీగ కాయ కొనన ఉన్న సన్నని ద్వారం గుండా లోనికి వెళ్లి, పూలను పరాగసంపర్కం చేసి, అక్కడే గుడ్లు పెడుతుంది. కపటానికి గుర్తుగా మనం చెప్పుకునేది, చెట్టుకూ కీటకానికీ నడుమ అనాదిగా సాగుతున్న ఒప్పందం. కవి ఉద్దేశం వేరు కనుక పద్యానికి వచ్చిన నష్టమేమీ లేదు. పండుకు మాత్రం కొంత నష్టం జరిగినట్లే ఉంది. వాగుల గట్లమీద మేడిచెట్టు విరివిగా కాసినా పక్షులకు, కోతులకు వదిలిపెట్టడమే తప్ప కోసుకుని తినేవారు అరుదు.

మారేడు, నేరేడు: మందుగా ఎంతవరకు?

మారేడు ఆకు శివుడికి, వేరు దశమూలాలకు పోగా పండు ఎవరికీ కాకుండా మిగిలింది. 137 కిలోకాలరీల శక్తి, దాదాపు 32 గ్రాముల పిండిపదార్థాలు గల పండు ఇది. ఆయుర్వేదంలో దీని ప్రయోగం పక్వదశను బట్టి మారుతుంది. లేత కాయను ముక్కలుగా కోసి ఎండబెట్టి అతిసారంలో వాడతారు. బాగా పండినది విరేచనాన్ని సాఫీ చేస్తుంది. రెండు వ్యతిరేక గుణాలు ఒకే చెట్టు పండుకు ఆపాదించడం వైరుధ్యంలా తోచినా, లేతకాయలో వగరు, పండినదానిలో జిగురు పీచు, తీపి ఎక్కువ కావడం దీనికి వివరణ. 'మారేడు కడుపుకు మంచిది' అని చెప్పి ఊరుకుంటే, ఏ దశలోని కాయ అన్న అసలు విషయం పోతుంది.

నేరేడు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పొట్టలో చేరిన వెంట్రుకలను నేరేడుపండు కరిగిస్తుందన్న నమ్మకం తెలుగునాట ప్రసిద్ధం. అందుకు శాస్త్రాధారం లేదు. పిల్లలచేత ఏడాదికొకసారి నేరేడు తినిపించిన సదాచారంగా దానిని చూడవచ్చు. మధుమేహానికి మందన్న ప్రచారం అంత నిరపాయకరం కాదు. నేరేడు గింజల సారం జంతువులలో చక్కెరను తగ్గించిన ప్రయోగాలు అనేకం ఉన్నాయి. మనుషులలో ఫలితాలు అంత స్పష్టంగా లేవు. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల కషాయం వాడుక విస్తారంగా ఉన్నందున అక్కడి వైద్యులు దానిమీద నియంత్రిత పరీక్షలు జరిపారు. కషాయం తాగినవారిలో రక్తంలోని చక్కెర తగ్గలేదు. గింజ, ఆకు ఒకటి కావన్న మాట నిజమే. అయినా వైద్యుడిచ్చిన మాత్రలు మానేసి గింజల పొడిని నమ్ముకోవడం ప్రమాదమని చెప్పడానికి ఇది చాలు. నేరేడును పండుగా తినడానికి ఇవేవీ అడ్డు కావు. 62 కిలోకాలరీలు, 18 మిల్లీగ్రాముల విటమిన్ సి, నాలుకను ఊదా రంగులో ముంచే ఆంథోసయనిన్లు దానిలో ఉన్నాయి. మందుకు పెట్టిన పేరు కన్నా పండుకు పెట్టిన పేరు నిలబడే అవకాశం ఎక్కువ.

రేగు ప్రయాణం

భోగినాడు పిల్లల తలమీద పోసే రేగుపండులో విటమిన్ సి 76 మిల్లీగ్రాములు. దుకాణంలో మైనపు పూతతో మెరిసే యాపిల్‌లో అదే పట్టిక ప్రకారం 1 మిల్లీగ్రాము. ధరలు మాత్రం తలకిందులు. రేగును దంచి, ఉప్పు, కారం, బెల్లం కలిపి ఎండబెట్టే రేగి వడియాలు పిల్లల చిరుతిండిగా ఉండేవి. ఎండబెట్టడంలో విటమిన్ సి కొంత పోయినా, పీచు, శక్తి మిగులుతాయి. రంగు పొట్లాలలో వచ్చే చిరుతిళ్లతో పోలిస్తే అవి మెరుగైనవే.

రేగు కథలో మరొక మలుపు పటాన్‌చెరుతో ముడిపడి ఉంది. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థకు ఆఫ్రికాలోని నైజర్ దేశంలో ఒక కేంద్రముంది. సహారా ఎడారి అంచున, వాన సరిగా పడని ఆ ప్రాంతంలో మెట్ట రైతులకు ఏ పండు నిలుస్తుందని వెతికిన ఆ కేంద్రం శాస్త్రవేత్తలు, భారతదేశపు మేలురకపు రేగు కొమ్మలను అంటుకట్టి ప్రచారం చేశారు. ఫ్రెంచి వాడుకలో దానికి 'సాహెల్ యాపిల్' అన్న అర్థమిచ్చే పేరు వచ్చింది. పటాన్‌చెరు ప్రధాన కేంద్రంగా గల సంస్థ ద్వారా నైజర్‌లో యాపిల్ గౌరవం పొందిన పండు, పటాన్‌చెరు చుట్టుపక్కల గ్రామాలలో కంచెకు కొట్టే కంపగా చలామణిలో ఉంది.

సీతాఫలం, గింజ

సీతాఫలం పేరులో పురాణం ఉన్నా పుట్టుక అమెరికా ఉష్ణమండలం. పేరులోనే పరాయితనాన్ని ఒప్పుకున్న సీమచింతకు భిన్నంగా, ఇది సీతమ్మ పేరుతో పూర్తిగా మనదైపోయింది. మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ పేరుతో దేశమంతటా పేరుపొందిన సీతాఫలం రకం ఉంది. బతుకమ్మ, దసరా రోజులలో ముంబయి జాతీయ రహదారి వెంట గంపలతో కూర్చునే స్త్రీలకు ఇది కొన్ని వారాల ఆదాయం. 104 కిలోకాలరీల శక్తి, 37 మిల్లీగ్రాముల విటమిన్ సి గల ఈ పండు ఎదిగే పిల్లలకు మంచిది. మధుమేహం ఉన్నవారు పరిమాణం చూసుకోవలసి ఉంటుంది.

గింజ సంగతి వేరు. అందులోని అసిటోజెనిన్లనే పదార్థాలు కీటకాలకు విషం. అందుకే గింజల పొడిని పేల నివారణకు తలకు పట్టించే అలవాటు వచ్చింది. ఆ పొడి కంటిలో పడి నల్లగుడ్డు దెబ్బతిన్న సందర్భాలు భారతీయ నేత్రవైద్య పత్రికలలో నమోదయ్యాయి. పిల్లల తలకు ఇది వాడకూడదని తల్లులకు స్పష్టంగా చెప్పవలసిన అవసరముంది. కరీబియన్ ద్వీపమైన గ్వాడెలూప్‌లో సీతాఫలం కుటుంబపు పండ్లను, ఆకుల కషాయాలను ఏళ్ల తరబడి అధికంగా తీసుకున్నవారిలో పార్కిన్సన్ వంటి నరాల జబ్బు ఎక్కువగా కనిపించిందని 1999లో వైద్యులు నివేదించారు. రుతువులో తినే పండును చూసి భయపడనక్కరలేదు. క్యాన్సర్‌కు మందంటూ ఆ కుటుంబపు ఆకులను రోజూ మరిగించి తాగమనే సలహాలు వ్యాపిస్తున్న కాలంలో మాత్రం ఈ నివేదికను గుర్తుచేయడం అవసరం.

మొర్రి, తునికి, ఈత పండ్లు ఈ ప్రాంతపు బీళ్లలో, వాగుల వెంట కొద్దిగా మిగిలాయి. మొర్రిపండు లోపలి గింజే సారపప్పుగా మిఠాయి దుకాణానికి చేరుతుంది. పండు మాత్రం అంగడిలో అరుదు. తునికికి ఆకు విలువే ఉంది, పండుకు లేదు.

నేల, నీరు

పోషక పట్టికలో పండుకు ఊరు ఉండదు. నిజంలో ఉంటుంది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీర వైపు ప్రవహించిన చరిత్ర 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వాగు పరీవాహక గ్రామాలలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట ఒకటి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ వంటి లోహాలు అధికంగా ఉన్నట్లు ప్రకటించారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు కనుగొన్నారు. అది అంతర్జాతీయంగా చర్చకు వచ్చిన సంఖ్య.

ఇటువంటి చోట 'పెరటి పండు తినండి' అని సలహా ఇచ్చేముందు ఒక విషయం గుర్తించాలి. భారలోహాలు మొక్కలోని అన్ని భాగాలకూ సమానంగా చేరవు. సాధారణంగా వేరులో ఎక్కువ, ఆకులో అంతకు తక్కువ, పండులో ఇంకా తక్కువ. వాగునీటితో పండే ఆకుకూరలతో పోల్చితే చెట్టు పండు సురక్షితమనడానికి ఇది ఒక ఆధారం. మారేడు, వెలగలకు గట్టి పెంకు ఉన్నందున గాలిలో వచ్చే దుమ్ము గుజ్జుకు చేరదు. నేరేడు, రేగు వంటివాటిని బాగా కడగాలి. ఇదే తర్కాన్ని మందులకు వర్తింపజేస్తే ఫలితం తిరగబడుతుంది. కాలుష్యం సోకిన గట్టుమీది చెట్టు పండు తిన్నవారికన్నా, అదే చెట్టు బెరడు, వేరు, ఆకు కషాయం కాచుకుని రోజుల తరబడి తాగినవారికి ప్రమాదం ఎక్కువ. ఔషధ విలువ గురించి రాసే గ్రంథాలు అడవి చెట్టును దృష్టిలో పెట్టుకుని రాసినవి; పారిశ్రామిక వాడ పక్క చెట్టు వాటి ఊహలో లేదు.

ఇది పరీక్షతో తేల్చవలసిన విషయం, ఊహతో కాదు. అవసరమైన సంస్థలు దూరంగా లేవు. సంగారెడ్డిలో ఉద్యాన విశ్వవిద్యాలయపు ఫల పరిశోధన స్థానముంది. ఆ పట్టణం 'మంజీర' అనే మామిడి సంకర రకానికి పుట్టిల్లు. తార్నాకలో పోషకాహార సంస్థ, దానికి దగ్గరలోనే భూభౌతిక సంస్థ ఉన్నాయి. ఒక రుతువులో నక్కవాగు గట్టునుంచి, వాగుకు దూరంగా ఉన్న పొలాలనుంచి ఒకే జాతి పండ్లు, ఆకులు, చెట్టుకింది మట్టి తెచ్చి విడివిడిగా పరీక్షిస్తే, ఏ గ్రామంలో ఏ పండును అంగన్‌వాడీకి తీసుకోవచ్చో చెప్పగలుగుతారు. గింజ నుంచి మొలిచిన నేరేడు కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అంటుమొక్క అంతకు ముందే కాస్తుంది. పల్లె ప్రకృతి వనాలలో ఇప్పుడు నాటే మొక్క ఏ జాతిదో, ఏ నీటితో పెరుగుతుందో నిర్ణయించవలసినది పంచాయతీలే కనుక, పరీక్షల ఫలితాలు తెలుగులో వారి చేతికి అందాలి.